మనిషికి ఎఫ్‌సీ

లారీకి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, గడువు దగ్గర పడిందంటే విజయవాడ ఆటోనగర్‌లో దాని చుట్టూ నలుగురు చేరతారు. బ్రేకుల మెకానిక్కు చక్రాలు విప్పి లైనర్లు చూస్తాడు. ఎలక్ట్రీషియన్ హెడ్‌లైట్ల దగ్గర కూర్చుంటాడు. పెయింటరు తలుపుల మీద చెరిగిపోయిన నంబరు మళ్ళీ రాసి, వెనక బాడీకి కొత్త రేడియం టేపు అంటిస్తాడు. వాళ్ళ మధ్య డ్రైవరు నిలబడి ఒక్కొక్కటీ చెబుతుంటాడు. బ్రేకు కొడితే ఎడమవైపు లాగుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరు జారుతోంది, కుడిపక్క అద్దం వదులైంది, వైపరు సగం దాకా వెళ్ళి ఆగిపోతోంది. బండిలో ఉన్న లోపం బయటపెట్టడానికి అతనికి ఏ సంకోచమూ ఉండదు. ఎంత వివరంగా చెబితే పని అంత బాగా జరుగుతుందని తెలుసు. ఓనరు ఖర్చు చూసి గొణుగుతాడు, అయినా డబ్బు తీస్తాడు. రేపు ఫిట్‌నెస్ పరీక్షలో బండి నిలబడాలి కదా.

అదే డ్రైవరుకి హెవీ లైసెన్సు రెన్యువల్ వచ్చి, డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ కాగితం తెచ్చుకోవాల్సిన రోజు దగ్గర పడితే చుట్టూ ఎవరూ ఉండరు. ఎక్కడ లాగుతోందో, ఎక్కడ జారుతోందో ఎవరికీ చెప్పడు. బండిని మరమ్మతు చేసి సిద్ధం చేస్తారు. మనిషి మాత్రం దాచుకుని సిద్ధమవుతాడు. ఒకే చేతులు, ఒకే స్టీరింగు, ఒకే రోడ్డు. అయినా ఇంత తేడా ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవాలని చాలా కాలంగా నా ప్రయత్నం.

మా వీధిలో సగం ఇళ్ళు లారీల మీద బతికే ఇళ్ళే. నేను స్కూలు మాస్టర్ని. దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌కి మారాక, 'సారథి' పోర్టల్లో వివరాలు నింపాలంటే చాలామంది మా ఇంటికే వస్తారు. మొదట వచ్చినవాడు మా మావయ్య. అమ్మకి తమ్ముడు, ఊహ తెలిసినప్పటినుంచీ నేను చూస్తున్నది ఆయన్ని లారీ మీదే. భీమవరం, ఆకివీడు వైపు నుంచి ఐసులో పెట్టిన చేపల లోడు ఎత్తుకుని హౌరా దాకా వెళ్ళేవాడు. ఆ లోడుకి ఆలస్యం పనికిరాదు. ఐసు కరిగేలోగా సరుకు చేరాలి. కాబట్టి రాత్రులు నిద్ర ఉండదు.

ఫారం వన్ అని ఒకటుంది. అది ఎవరికి వారు ఇచ్చుకునే వాంగ్మూలం. 1988 మోటారు వాహనాల చట్టం, 1989 కేంద్ర నిబంధనలు దాన్ని మన చేతిలో పెట్టాయి. నీ ఒంటి గురించి నువ్వే చెప్పు అని అడుగుతుంది. దాని వెనకే ఫారం వన్ ఏ. అది డాక్టరు నింపి సంతకం చేయాల్సింది. లారీ, బస్సు, ట్యాక్సీ నడిపేవాళ్ళు వయసు ఎంతైనా అది ఇచ్చి తీరాలి. సొంత కారు నడుపుకునేవాళ్ళకి నలభై దాటాకే ఆ అవసరం పడుతుంది.

మావయ్యకి ఒక్కో ప్రశ్నా తెలుగులో చదివి వినిపించాను. మూర్ఛ గానీ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గానీ, కళ్ళు తిరగడం గానీ ఉన్నాయా? "లేదు." రేచీకటి ఉందా? "లేదు." మామూలు హారను శబ్దం వినపడనంత చెవుడు? "లేదు." నువ్వు బండి నడిపితే జనానికి ప్రమాదం కలిగించేలాంటి ఇంకే జబ్బయినా, లోపమయినా ఉందా? నా వాక్యం పూర్తి కాకముందే "లేదు" వచ్చేసింది. "ఒరేయ్ అబ్బాయ్, చదవడం దేనికి? అన్నిటికీ లేదనే కొట్టెయ్" అన్నాడు.

ఆయన అబద్ధాలకోరు కాదు. దారిలో దొరికిన పర్సుని పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి వచ్చిన మనిషి. ఆ ఫారం దగ్గర మాత్రం ఆయనకి ప్రశ్న వినపడలేదు. ఆయనకి వినపడిందల్లా 'నీకు పని కావాలా వద్దా' అనే. ఎన్ని ప్రశ్నలు అడిగినా బతుకు నిలిపే జవాబు ఒక్కటే అయినప్పుడు, చదువుకున్నవాడైనా లేనివాడైనా ఆ ఒక్కటే చెబుతాడు.

ఫారంలో అన్నిటికంటే నాకు నచ్చే ప్రశ్న కంటి చూపుది. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలవా అని అడుగుతుంది. చార్టు మీద అక్షరాల గురించి కాకుండా, డ్రైవరు రోజూ చూసే వస్తువు గురించే అడగడంలో మంచి ఆలోచన ఉంది. నాలుగు చక్రాల బండి నంబరు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. మన అరచేతి వెడల్పు కంటే కూడా తక్కువ. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ 25 మీటర్లని ఒకటిన్నర సెకనులో దాటేస్తుంది. అంటే అది పెద్ద పరీక్షేమీ కాదు, అంతకంటే తక్కువ చూపుతో స్టీరింగు ముట్టుకోకూడదని చెప్పే గీత.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు మనమే ఒకసారి చూసుకుందాం రమ్మని మావయ్యని వీధిలోకి తీసుకెళ్ళాను. అడుగులు కొలిచి నిలబెట్టాను. ఎదురుగా ఉన్న లారీ నంబరు అంకెతో సహా చెప్పేశాడు. దాని పక్కదీ చెప్పాడు. మూడోది కూడా. అప్పుడు నాకు తట్టింది, ఆయన చదవడం లేదు. క్యాబిన్ రంగు, పైన కట్టిన కుచ్చులు, బంపరు మీది సొట్ట చూసి ఏ బండో గుర్తుపట్టి, ఎప్పటినుంచో తెలిసిన నంబరు చెబుతున్నాడు. వీధి చివర ఎవరింటికో వచ్చిన కొత్త కారు చూపించాను. కాసేపు ఏమీ అనలేదు. కళ్ళు చిట్లించాడు. "ఎండ కొడుతోంది" అన్నాడు. ఎండ మా వెనకవైపు ఉంది.

ఇది కూడా కావాలని చేసిన మోసం కాదు. ఇన్నేళ్ళ అనుభవం చూపు లోటుని పూడ్చేస్తూ వచ్చింది. ఏ మలుపు ఎక్కడో, ఏ వంతెన ఇరుకో, ఎక్కడ గేదెలు అడ్డం వస్తాయో కన్ను చెప్పకముందే తల చెబుతుంది. తెలిసిన రోడ్డు మీద ఆ లెక్క బాగానే నడుస్తుంది. తెలియని చోట, వానలో, రాత్రిపూట దీపం లేకుండా ఆపిన ట్రాక్టరు ముందు ఆ అనుభవం ఏం చేయగలదు? కొంతకాలంగా ఎదురు బండి లైటు చిమ్ముతోందని అంటూనే ఉన్నాడు. కొత్త కార్లకి వచ్చిన తెల్ల ఎల్ఈడీ లైట్లని తిట్టేవాడు. ఆ తిట్టులో సగం నిజముంది, ఆ లైట్లు అందరినీ ఇబ్బంది పెడుతున్నాయి. మిగతా సగం ఆయన కుడికంట్లో ఉంది. కంటి డాక్టరు చూసి శుక్లం మొదలైందన్నాడు. శుక్లం ఉన్న కంట్లో లెన్సు మసకబారి, పడిన వెలుతురు చెదిరిపోతుంది. పగలు పెద్దగా తెలియదు. రాత్రి ఒక్క హెడ్‌లైటు ఎదురైతే చుట్టూ ఉన్నవన్నీ మాయమవుతాయి. లారీ డ్రైవరు పని ఎక్కువగా రాత్రే, పరీక్షేమో మంచి పగటి వెలుతురులో.

కంటి డాక్టరు అడిగితేనే షుగరు సంగతి బయటపడింది. అది అత్తకి ముందే తెలుసు. రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తున్నాడో, నీళ్ళు ఎంత తాగుతున్నాడో ఆమె చూస్తూనే ఉంది. గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగిపోయి, ఒక్కసారిగా ఎగశ్వాసతో లేవడం కూడా ఆమే చెప్పింది. నిద్రలో ఊపిరి అలా ఆగి ఆగి వచ్చేవాళ్ళకి రాత్రంతా పడుకున్నా నిద్ర సరిపోదు, పగలు కూర్చున్నచోటే కునుకు పడుతుంది. ఫారం వన్ ఏలో నిద్ర గురించి ప్రశ్న లేదు. బీపీ ఎంత, షుగరు ఎంత అని పేరు పెట్టి అడిగే గడి కూడా లేదు. చూపు, రంగులు, చెవి, రేచీకటి, కాళ్ళూ చేతులూ, కీళ్ళు, చివర్లో ఇష్టమైతే బ్లడ్ గ్రూపు. 1989 నాటికి మనిషి ఒంట్లో ఏవి చూడాలనుకున్నారో ఇప్పటికీ దాదాపు అవే. ఆ కాగితం ఇవ్వడానికి డాక్టరు నిజంగా కూర్చుని చూడాలనుకుంటే, నా ఉద్దేశంలో మొదట అడగాల్సింది డ్రైవరు భార్యని.

దాచుకోవడంలో డ్రైవర్లకి తెలిసిన కిటుకులు వింటుంటే నాకు భయమేస్తుంది. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, ఆ కిటుకులు వాళ్ళనే దెబ్బతీస్తాయని. ఫారంలో గడి లేకపోయినా డాక్టరు చూస్తాడేమోనని, పరీక్ష రోజు బీపీ తక్కువ చూపించాలని రోజూ వేసుకునే మాత్రకి తోడు ఇంకోటి వేసుకునేవాళ్ళున్నారు. ఒక్కసారిగా బీపీ పడిపోయి లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. అదే ఒంటితో మధ్యాహ్నం బండి ఎక్కుతారు. షుగరు రీడింగు తగ్గాలని పొద్దుటి మాత్ర వేసుకుని అన్నం మానేసేవాళ్ళున్నారు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్ళు అలా చేస్తే షుగరు 70 కంటే కిందికి దిగి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, తల మందగిస్తుంది. పదిహేను టన్నుల లోడుతో ఉన్న బండి మీద అలాంటి రెండు నిమిషాలు చాలు. పైగా ఒక్కరోజు పస్తుతో దాగే జబ్బు కూడా కాదది. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష గత మూడు నెలల సగటు చెప్పేస్తుంది. ఇక కంటి చార్టు వరసలు ముందుగా బట్టీ పట్టేవాళ్ళ గురించి ఏం చెప్పను? ఆ బట్టీ రోడ్డు మీద ఎవరికి అప్పజెబుతారు?

నిజమైన తయారీకి పెద్ద చదువు అక్కర్లేదు. మా ఇంటికి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. గడువుకి వారం ముందు కాదు, మూడు నెలల ముందు మొదలుపెట్టండి. మొదట కళ్ళు. అద్దాలు కావాలంటే ఇప్పుడే చేయించుకోండి, అద్దాలు పెట్టుకుని చదివినా నిబంధన ఒప్పుకుంటుంది, అది తక్కువతనం కాదు. రెండు కళ్ళూ విడివిడిగా మూసి చూసుకోండి. ఒక కన్ను పోతున్నా రెండోది ఆదుకుంటూ మనకి తెలియనివ్వదు. చెవి వినపడటం లేదని బెంగపడేముందు డాక్టరుతో గులిమి తీయించండి, కొందరికి అక్కడితో తీరిపోతుంది. తాళంచెవులూ పుల్లలూ పెట్టి మీరే తీసుకోవద్దు. బీపీ, షుగరు ఉంటే మందులు ఆపకుండా వాడండి, చీటీలూ పాత రిపోర్టులూ ఒక కవర్లో పెట్టుకోండి. బీపీ చూపించుకునే అరగంట ముందు టీ, సిగరెట్టు వద్దు. ఒంటేలుకి వెళ్ళి రండి. ఐదు నిమిషాలు ఎవరితో మాట్లాడకుండా, పాదాలు నేల మీద ఆనించి, వీపు కుర్చీకి ఆనించి కూర్చోండి. రాత్రంతా బండి నడిపి వచ్చి, దుమ్ముతోనే ఆస్పత్రి మెట్లెక్కి, ఆయాసం తీరకముందే చెయ్యి చాపితే ఎవరికైనా బీపీ ఎక్కువే చూపిస్తుంది. తెల్లకోటు చూడగానే పెరిగే బీపీ కూడా ఉంటుంది, డాక్టర్లకి ఆ సంగతి తెలుసు, ఇంకోసారి చూడమని అడగడం తప్పు కాదు. అన్నిటికంటే ముఖ్యం, ముందురోజు రాత్రి నిద్ర.

ఇవన్నీ చెప్పాక వాళ్ళు నన్ను ఒకటే అడుగుతారు. "అన్నీ సరే మాస్టారూ, ఏదైనా బయటపడితే?" దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. నిజానికి వ్యవహారమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

బండిలో లోపం బయటపడితే అది షెడ్డుకి వెళుతుంది, నాలుగు రోజులు కిరాయి పోతుంది, మళ్ళీ రోడ్డెక్కుతుంది. డ్రైవరుకి వెళ్ళడానికి షెడ్డు లేదు. ట్రిప్పుకి ఇంతని, రోజుకి ఇంత బేటా అని లెక్కగట్టి బతికేవాడు ఇంట్లో కూర్చున్న రోజు రూపాయి రాదు. ఈఎస్ఐ తప్పనిసరి కావాలంటే మామూలుగా కనీసం పదిమంది పనిచేసే సంస్థ అయి ఉండాలి. ఒకటి రెండు బండ్లున్న ఓనరు దగ్గర పనిచేసేవాడికి అది సాధారణంగా అందదు. శుక్లం ఆపరేషన్ ఉచితంగా చేసే ఆస్పత్రులున్నాయి. ఆపరేషన్ తర్వాత కోలుకునే వారాలకి కూలి ఇచ్చేవాళ్ళెవరూ లేరు. ఆ వారాల్లో స్టీరింగు మీదికి ఇంకొకడు వస్తాడు, వచ్చినవాడికీ పిల్లలుంటారు, అతన్ని దించమని ఎలా అడుగుతాం? మావయ్య విషయంలో జరిగింది అదే. ఆపరేషన్ చక్కగా అయింది, లెన్సు పెట్టారు, కన్ను తేటగా వచ్చింది. తిరిగి వెళ్ళేసరికి హౌరా బండి వేరేవాళ్ళ చేతిలో ఉంది. కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, తర్వాత జిల్లాలోనే సిమెంటు తోలే పగటి బండి ఎక్కాడు. ఆదాయం తగ్గింది. షుగరు అదుపులోకి వచ్చింది. ఈ రెంటిలో ఏది ఎక్కువో తేల్చమని ఆయన్ని నేను అడగను.

ఆర్టీసీ డ్రైవరు పరిస్థితి చూడండి. అక్కడ సంస్థ తనే ఎప్పటికప్పుడు మెడికల్ చేయిస్తుంది, సొంత ఆస్పత్రులున్నాయి, హైదరాబాద్ తార్నాకలోది అందరికీ తెలిసిందే. ఫెయిలైతే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడా ఉంది, కాకపోతే దానికి జవాబులు కూడా పుట్టాయి. రంగులు సరిగా గుర్తించలేని డ్రైవర్లకి సంస్థలోనే వేరే పని ఇవ్వాలని 1979లోనే కార్మికులకీ యాజమాన్యానికీ మధ్య ఒప్పందం ఉంది. ఆ ఒప్పందాన్ని పక్కనపెట్టి ఒక డ్రైవర్ని ఇంటికి పంపిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళితే, 2025 ఆగస్టులో కోర్టు అతనికి వేరే ఉద్యోగం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ప్రభుత్వ సంస్థలో ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాణ్ణి తీసేయకూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా చెబుతోంది. ఇవన్నీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, ఏళ్ళ తరబడి యూనియన్లూ కోర్టుల చుట్టూ తిరిగిన మనుషులూ సాధించినవి. డిపోలో కూర్చునే పని ఒకటి ఉందని తెలిసినవాడు డాక్టరు ముందు నోరు విప్పగలడు. అదే రోడ్డు మీద పక్కన పోతున్న లారీ డ్రైవరుకి ఆ డిపో లేదు.

అమెరికాలో ట్రక్కు నడిపేవాళ్ళకి పెట్టే మెడికల్ చదివినప్పుడు నన్ను ఆకట్టుకున్నది దాని కఠినత్వం కాదు. అక్కడ పరీక్ష మనకంటే చాలా ఎక్కువ, మూత్రం చూస్తారు, ఐదడుగుల దూరం నుంచి గుసగుసగా చెప్పింది వినపడుతుందా అని చూస్తారు, ప్రభుత్వ జాబితాలో ఉన్న వైద్య పరీక్షకులే చూడాలి. నాకు నచ్చింది బీపీ దగ్గర వాళ్ళ మార్గదర్శకాలు వేసిన మెట్లు. 140 బై 90 కంటే తక్కువుంటే రెండేళ్ళ సర్టిఫికెట్. పై అంకె 140 నుంచి 159 మధ్య ఉంటే ఏడాది. 160 నుంచి 179 అయితే మూడు నెలలు, ఆ లోపు తగ్గించుకుని రావాలి. 180 చేరితే తగ్గేదాకా బండి ఎక్కకూడదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి ఒకప్పుడు ప్రత్యేక మినహాయింపు లేనిదే దారి ఉండేది కాదు. 2018లో వచ్చిన నిబంధనతో, షుగరు అదుపులో ఉందని చికిత్స చేసే డాక్టరు రాసిచ్చి, మూడు నెలల రీడింగులు చూపిస్తే నడపొచ్చు. అక్కడా ఉద్యోగ భయం ఉంటుంది, దాచేవాళ్ళూ ఉంటారు. కానీ అవునో కాదో అని కాకుండా 'మూడు నెలల్లో తగ్గించుకుని రా' అని చెప్పే పరీక్ష ముందు మనిషికి నిజం చెప్పడానికి కాస్త చోటు దొరుకుతుంది.

మన దగ్గర హెవీ లైసెన్సు గడువు మూడేళ్ళుండేది, 2019 సవరణతో ఐదేళ్ళయింది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గిందని డ్రైవర్లు సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ లారీ ఎఫ్‌సీ చూడండి. ఎనిమిదేళ్ళ లోపు బండికి రెండేళ్ళకోసారి, అది దాటితే ఏటేటా. బండి పాతబడేకొద్దీ దాన్ని ఎక్కువసార్లు చూడాలని చట్టానికి తెలుసు. యాభై దాటిన మనిషికి ఐదేళ్ళ మధ్యలో ఏమేం రావచ్చో చెప్పనక్కర్లేదు. పరీక్ష సడలించమని నేను అడగడం లేదు. రోడ్డు మీద స్కూటరు వెనక కూర్చున్న పిల్లవాడికీ హక్కుంది, ఎదురుగా వచ్చే లారీ డ్రైవరుకి తను కనపడాలని. పరీక్ష నిజంగా జరగాలి, ఇప్పటికంటే తరచుగా జరగాలి, బీపీ షుగరు నిద్ర అందులోకి రావాలి. దాంతోపాటు చికిత్స రోజులకి కూలి రావాలి, తిరిగి వచ్చేసరికి సీటు ఉండాలి. ఈ రెండో సగం లేకుండా మొదటి సగం మాత్రం పెంచితే దాచే కిటుకులు పెరుగుతాయి తప్ప ఇంకేమీ జరగదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి ఎనిమిది గంటల పని అని గీసిన గీత హైవే మీద ఎవరికీ కనపడలేదు. మొదటి సగం మాత్రమే ఉన్న నియమాలకి పట్టే గతి అది.

తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో ఊరూరా కళ్ళు పరీక్షించి అద్దాలు ఇచ్చారు. గొప్ప పని. శిబిరం ఊళ్ళోకి వచ్చిన రోజు ఆ ఊరి డ్రైవరు నాగపూర్ దాటి ఉంటాడు. అతన్ని చూడాలంటే శిబిరం టోల్ గేటు దగ్గరికి, లోడింగు కోసం గంటల తరబడి ఆగే మిర్చి యార్డు దగ్గరికి, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు మెట్ల దగ్గరికి రావాలి. కొన్నిచోట్ల అలా పెడుతున్నారు, ఎక్కడ పెట్టినా క్యూ ఉంటుంది. తన ఒంటి గురించి తెలుసుకోవాలని డ్రైవరుకి లేదనుకోవడం పొరపాటు. తెలిసినందుకు శిక్ష పడదన్న నమ్మకం ఉన్నచోట అతను తనే చెయ్యి చాపుతాడు.

ఈ మధ్య ఒక కుర్రాడు వచ్చాడు. క్లీనరుగా తిరుగుతున్నాడు, ఇరవై నిండాయి, కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటింది, ఇక హెవీకి పెట్టుకోవాలి. వాళ్ళ నాన్నదీ లారీయే. అన్ని వివరాలూ చకచకా చెప్పినవాడు రంగుల ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. చిన్నప్పుడు స్కూల్లో కంటి పరీక్షకి వచ్చినవాళ్ళు రంగు చుక్కల పుస్తకం చూపిస్తే, తోటిపిల్లలందరికీ కనపడిన అంకె తనకి కనపడలేదట. 1917 నుంచీ వాడుకలో ఉన్న ఇషిహారా చుక్కలవి. అప్పటినుంచీ ఎవరికీ చెప్పలేదు. సిగ్నల్ దగ్గర పైది ఎరుపు, కిందిది ఆకుపచ్చ అని స్థానాన్ని బట్టి గుర్తుపెట్టుకుని నెట్టుకొచ్చాడు. ఈ సంగతి తెలిస్తే క్లీనరుగానే మిగిలిపోతానని బెంగ.

నేను చెప్పేదాకా ఒక విషయం అతనికి తెలియదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుసా అని గుత్తగా అడిగిన ఆ పాత నిబంధనని 2020 జూన్‌లో కేంద్రం మార్చింది. స్వల్పంగా, మధ్యస్థంగా ఉన్న వర్ణాంధత్వం ఇప్పుడు లైసెన్సుకి అడ్డం కాదు. తీవ్రంగా ఉంటేనే అడ్డం. తనది ఏ స్థాయిదో ఈ అబ్బాయికి తెలియదు, తెలుసుకుందామని ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళడమంటే ఒప్పుకోవడమే అనుకున్నాడు. మారిన నియమం గురించి అడగాలన్నా ముందు తన సంగతి ఎవరితోనైనా చెప్పాలి కదా. తీవ్రమైనదని తేలే అవకాశం కూడా ఉందని దాచకుండా చెప్పాను. అలా తేలితే ఇరవై ఏళ్ళప్పుడు తెలియడం మేలని, మెకానిక్ పనో, లారీ బాడీ బిల్డింగ్ పనో నేర్చుకునే వయసు ఇదని కూడా చెప్పాను. చాలాసేపు ఆలోచించి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి రిపోర్టు తెస్తానన్నాడు. ఆ మాటతో దరఖాస్తు సగంలో ఆపాం.

రిపోర్టు మధ్యస్థమని వచ్చింది. మిగతా సగం నింపడానికి వచ్చిన రోజు రంగుల గడిలో ఏం రాయాలని అడగలేదు, కాగితం నా ముందు పెట్టి ఇందులో ఉన్నదే పెట్టమన్నాడు. అతని మనసు వేరే చోట ఉంది.

"మాస్టారూ, మా నాన్నకి బీపీ ఉందండీ. ఆయన రెన్యువల్ వచ్చే వేసవిలో. మందు ఒకరోజు వేసుకుంటాడు, రెండ్రోజులు మానేస్తాడు. చెబితే కసురుకుంటాడు."

"ట్రిప్పు నుంచి ఎప్పుడొస్తాడు?"

"శనివారం రాత్రి దిగుతాడండీ."

"ఆదివారం పొద్దున్నే తీసుకురావద్దు, పడుకోనీ. సాయంత్రం తీసుకురా. మందుల చీటీ ఎక్కడున్నా వెతికి పట్టుకురా. మీ అమ్మగారిని కూడా రమ్మను, ఆమెతో మాట్లాడాలి."